శాంక్షన్ అయిన లీవు తొమ్మిది రోజుల ముందు క్యాన్సిల్ చేశారు. ఇలా చేయొచ్చా?

సగంలీవు
ఐదు నెలల కిందట పెట్టుకున్న లీవు, పది పనిరోజులు. చెల్లెలి పెళ్లి. వారం తిరక్కుండానే శాంక్షన్ అయింది, పోర్టల్‌లో ఆకుపచ్చ టిక్కు కూడా పడింది. ఆ ధైర్యంతోనే రానూపోనూ టికెట్లు తీశాను, అదీ రద్దు చేసుకుంటే పైసా వెనక్కి రాని రకం. నిన్న సాయంత్రం మేనేజర్ పిలిచి "రిలీజ్ ముందుకొచ్చింది, నీ లీవు ఓ రెండు వారాలు వెనక్కి జరుపుకో" అన్నారు. పెళ్లిని ఎలా జరపను సార్ అంటే, "లీవనేది హక్కు కాదమ్మా, సౌకర్యం" అనేసి ఇంకో మీటింగ్‌కి వెళ్లిపోయారు.

పొద్దున చూస్తే టిక్కు పోయి ఎర్రగుర్తు ఉంది. లీవు మొదలవడానికి సరిగ్గా తొమ్మిది రోజులుంది. నా ఖాతాలో ఇరవై ఆరు రోజులున్నాయి. మూడేళ్లలో వరసగా ఐదు రోజులు తీసుకున్న పాపాన పోలేదు. తెలియకే అడుగుతున్నా, నిజంగానే హక్కు కాదా?

రెండోషిఫ్ట్
హక్కు సంగతి తర్వాత. ఆకుపచ్చ టిక్కు ఉన్నప్పటి మెయిలు ఉందా? ఉంటే ముందు ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. ఆఫీసు లాప్‌టాప్‌లో ఉన్నది మీది కాదు.

సోమవారంవద్దు
ఏ దేశం, ఏ రకం ఉద్యోగం చెప్పకుండా అడిగితే ఇక్కడ తలా ఒక చట్టం చెప్తారు. చూస్తూ ఉండండి.

సగంలీవు
ఇండియాలోనే. ప్రైవేటు, సాఫ్ట్‌వేర్. మెయిలు ఉంది, ఫొటో తీశాను.

పాత_బీరువా
ముప్పై నాలుగేళ్లు గవర్నమెంటులో చేసి దిగాను, అందులో సగం లీవు ఫైళ్ల మీదే. మీ మేనేజరుకు తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గానీ, ఆ మాట మా రూల్సులో అక్షరాలా ఉంది. ఫండమెంటల్ రూల్స్‌లో 67వది, కేంద్ర ఉద్యోగుల 1972 లీవు రూల్స్‌లో 7వది, రెండూ ఒకటే చెప్తాయి: సెలవును హక్కుగా కోరరాదు. అవసరాన్ని బట్టి మంజూరు చేసే అధికారి నిరాకరించొచ్చు, ఇచ్చింది వెనక్కి తీసుకోవచ్చు.

అయితే అందరూ అక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తారు. ఆ 7వ రూలులోనే ఇంకోటి ఉంది. మీరు అడిగిన రకం సెలవును అధికారి తనకు తోచినట్టు ఇంకో రకంగా మార్చకూడదు, మీరు రాసి అడిగితే తప్ప. సెలవు మధ్యలో డ్యూటీకి వెనక్కి పిలిస్తే దానికీ వేరే రూలుంది, ప్రయాణపు ఖర్చు ఇవ్వాలి. నేనున్న సెక్షన్లో ఒకాయన్ని అలా రప్పించి, ఆయన టీఏ బిల్లు నేనే పాస్ చేయించాను. హక్కు కాదన్నంత మాత్రాన ఇష్టారాజ్యం కాదు.

గంటకొట్టు
బీరువా గారూ, ఆ రూల్సు మీవి. అవి ప్రైవేటు కంపెనీకి అంటవు. మీకు ఏడాదికి ముప్పై ఈఎల్ (ఎర్న్‌డ్ లీవు, పని చేసి సంపాదించుకున్న సెలవు), మూడు వందల దాకా దాచుకునే వీలు, రిటైరయ్యాక డబ్బు. ఆ వరాలన్నీ వదిలేసి "హక్కు కాదు" అన్న ముక్క ఒక్కటే ప్రైవేటు వాళ్లు అరువు తెచ్చుకున్నారు.

పాత_బీరువా
అదే నేనూ అనేది. అరువు తెచ్చుకుంటే పూర్తిగా తెచ్చుకోమనండి.

కాయితం_కావాలె
నేను ఫ్యాక్టరీల యూనియన్ పని చూసినోణ్ణి. మా దగ్గర ఇది పక్కా హక్కే. మొన్నటిదాక నడ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్ తీసి చూడుండ్రి. ఏడాదిల 240 దినాలు పని చేస్తే, ఇరవై దినాలకు ఒకటి చొప్పున జీతంతో లీవు ఉండె. పదిహేను దినాల ముందుగాల అర్జీ పెట్టాలె, ఏడాదిల మూడు సార్లకు మించి పెట్టద్దు అని ఉండె. వయసొచ్చిన కార్మికులకు నాలుగు దినాలు, అంతకు పైన లీవు మంజూరైతే ఆ జీతం లీవు షురువు కాకముందే చేతుల పెట్టాలె అని ఉండె, అది 81వ సెక్షన్. మా ఫ్యాక్టరీల చానా మందికి ఆ సంగతి తెల్వనే తెల్వది, నేను చెప్తే నవ్విండ్రు.

ఇప్పుడు ఆ చట్టం కాడ కొత్త కోడ్ వచ్చింది, అంటే పని కాడ భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల చట్టం, 2025 నవంబరు 21 నుంచి. 240 కాడ 180 చేసిండ్రు. గని అసలు ముక్క రెండిట్లనూ ఉన్నది, జర ఆగి చదువుండ్రి. మిగిలిన లీవు వచ్చే ఏడాదికి ముప్పై దినాల దాకనే పోతది. కానీ అర్జీ పెట్టినంక యాజమాన్యం ఇయ్యనంటే, ఆ లీవుకు హద్దు లేదు, ఎన్ని దినాలైనా ముందుకు పోతది. గందుకే ఏ మేనేజరైనా "ఇయ్యను" అని రాయడు. "నువ్వే జరుపుకో" అంటడు. మీ సారు గదే అన్నడు కదా?

సగంలీవు
అవును! "జరుపుకో" అనే అన్నారు.

కాయితం_కావాలె
మరింక ఆ ఎర్రగుర్తు మీద ఏం రాసి ఉన్నదో చూసి చెప్పమ్మా. హిస్టరీ అని ఉంటది.

సోమవారంవద్దు
సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఆ కోడ్‌లో "వర్కర్" అనే మాటకు నిర్వచనం అడ్డొస్తుంది. మేనేజర్లు, నెలకు పద్దెనిమిది వేలు దాటిన సూపర్‌వైజర్లు అందులోకి రారు. ఈవిడ ఏ కోవలోకి వస్తారన్నదే ముందు తేలాలి. అది కాకపోతే రాష్ట్రాల షాపుల చట్టాలున్నాయి. ఉదాహరణకు 1988 నాటి ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టంలో 240 రోజులు చేస్తే పదిహేను రోజులు, అరవై దాకా కూడబెట్టుకోవచ్చు. ఇవేవీ "ఏ తేదీన" అన్నదాన్ని ఉద్యోగి చేతిలో పెట్టలేదు. ఎన్ని రోజులన్నది నీది, ఏ రోజులన్నది వాళ్లది. గొడవంతా ఈ రెండిటినీ కలిపేయడం వల్లే.

గంటకొట్టు
ఏ రోజులో వాళ్లే చెప్పేటట్టయితే అది లీవెందుకవుతుంది, ఇంకో షిఫ్టు అవుతుంది.

వానలో_గొడుగు
నేను ఇంగ్లండ్‌లో చేస్తున్నా. సగంలీవు గారూ, మీ లెక్క చదివి కడుపు మండింది. ఇక్కడ 1998 నాటి పనివేళల నిబంధనల్లో దీనికి కొలత ఉంది. ఏడాదికి 5.6 వారాలు, అంటే వారానికి ఐదు రోజులు చేసేవాళ్లకు 28 రోజులు. మనం లీవు అడగాలంటే ఎన్ని రోజులు కావాలో దానికి రెట్టింపు ముందు చెప్పాలి. వాళ్లు వద్దనాలంటే లీవు ఎన్ని రోజులో కనీసం అన్ని రోజుల ముందు చెప్పాలి. కాంట్రాక్టులో వేరే రాసుకుంటే అది వేరే సంగతి.

మీది పది రోజుల లీవు. రద్దు చేసింది తొమ్మిది రోజుల ముందు. ఇక్కడైతే మీ మేనేజర్ ఒక్క రోజుతో ఓడిపోయేవాడు.

రెండోషిఫ్ట్
ఆదివారం ఫోన్ చేసి చెప్పేవాడు అంతే. గెలిచేవాడు.

రైన్_ఒడ్డున
జర్మనీలో లీవు చట్టం 1963ది. ఉద్యోగి అడిగిన తేదీలనే పరిగణించాలి. కాదనాలంటే రెండే కారణాలు: అత్యవసరమైన పని ఉండాలి, లేదా సామాజికంగా ఎక్కువ అవసరమున్న ఇంకో ఉద్యోగి అదే తేదీలు అడిగి ఉండాలి. ఒకసారి ఇచ్చాక వెనక్కి పిలవడం కుదరదు. "అవసరమైతే లీవు మధ్యలో వచ్చేస్తాను" అని ముందే రాయించుకున్న ఒప్పందం కూడా చెల్లదని 2000లో అక్కడి ఫెడరల్ లేబర్ కోర్టు తేల్చింది. నేను చేరిన కొత్తలో మన అలవాటు కొద్దీ లీవు మెయిలు కింద "అత్యవసరమైతే ఫోన్ చేయండి" అని నంబరు పెట్టాను. మా బాస్ పిలిచి ఆ లైను తీసేయమంది.

రెండోషిఫ్ట్
ఆ బాస్‌ని ఇటు పంపండి, మాకు పనుంది.

సోమవారంవద్దు
చెప్పానా తలా ఒక చట్టం అని. ఆవిడ ఇంగ్లండ్‌లోనూ లేరు, జర్మనీలోనూ లేరు. అసలు అంతర్జాతీయంగా చూసినా, అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో చేసిన 132వ ఒప్పందం ఏడాదికి మూడు వారాలు ఉండాలంటూనే, తేదీలు యజమానే నిర్ణయిస్తాడంది. ఉద్యోగితో మాట్లాడి, పని అవసరమూ విశ్రాంతి వీలూ చూసి. ఇండియా దాన్ని ఆమోదించనైనా లేదు.

గంటకొట్టు
"ఉద్యోగితో మాట్లాడి" అన్నది మీరే రాశారు. ఈవిడతో మాట్లాడింది ఎక్కడ? చెప్పి లేచిపోయాడు.

ఆరుగురికి_బాసు
తిట్లు తినడానికి సిద్ధపడే రాస్తున్నా. నా కింద ఆరుగురు. పోయినేడు ఏడాది చివరి వారానికి నలుగురు లీవు పెట్టారు. మొదట పెట్టినవాడికి ఇచ్చా, రెండోవాడికి ఇచ్చా, మూడో అమ్మాయి ఏడ్చింది ఇచ్చా, నాలుగోవాడికి లేదనే మొహం లేక ఇచ్చా. ఆ వారం రాత్రి రెండింటికి సర్వరు పడితే లేచింది నేను. పైవాళ్లు "టీమ్‌ని ప్లాన్ చేసుకోవడం రాదా" అన్నారు. అందరూ వచ్చాక నాకు లీవు అడిగితే ఇంకో రిలీజు.

కాదనడం బాసు పనిలో భాగమే. కానీ ఇక్కడ జరిగింది కాదనడం కాదు, ఇచ్చింది లాక్కోవడం. నేను ఎనిమిదేళ్లలో రెండే సార్లు అలా చేశా. రెండు సార్లూ ముందు "టికెట్లకు ఎంతైంది" అని అడిగి, ఆ డబ్బు మంజూరు చేయించుకున్నాకే విషయం ఎత్తా. రిలీజు తేదీ నిన్న మారిందంటే అది ఆవిడ తప్పు కాదు కదా. ఆ ఖర్చు ప్రాజెక్టుదే.

ఒకటి మాత్రం ఒప్పుకోను. మేనేజర్లందరూ కావాలని చేస్తారనుకోవద్దు. ఆయన్నీ ఎవరో పిలిచి నిలబెట్టే చెప్పి ఉంటారు.

ఒంటికాయ
బాసు గారూ, ఆ ఆరుగురిలో పెళ్లికానివాళ్లు ఎందరు? నేను పందెం కాస్తా, నాలుగోవాడు పెళ్లికాని వాడే. మొహమాటంతో ఆఖర్న ఇచ్చింది వాడికే.

మా టీములో నా పరిస్థితి అదే. "నీకేం, పిల్లలా జెల్లలా, నువ్వు సర్దుకో." ఆరేళ్లుగా సర్దుకుంటున్నా. బడి సెలవులన్నీ పిల్లలున్నవాళ్లవి. పండగలు ఊరున్నవాళ్లవి. మిగిలిన రోజులు నావి, అవేమో ఎలాగూ ఆఫీసు రోజులే. నాకూ అమ్మానాన్నా ఉన్నారు, వాళ్లకు వయసైపోతోంది. ఆ లీవుకి బడి సెలవులకున్న గౌరవం లేదు. రైన్ ఒడ్డున గారు చెప్పిన "సామాజికంగా ఎక్కువ అవసరం" అన్నమాట వినడానికి బాగుంది గానీ, చివరికి నష్టపోయేది నాలాంటివాడేగా?

ఇద్దరి_అమ్మ
ఒంటికాయ గారూ, బడి సెలవులు మేం పెట్టలేదండీ. ఆ రోజుల్లో పిల్లల్ని చూసేవాళ్లు లేకపోతే నేను తీసుకునేది లీవు కాదు, ఇంట్లో ఇంకో డ్యూటీ. మీకిచ్చే ఆ "మిగిలిన" రోజుల్లో ఒక్కటైనా నాకోసం తీసుకోవాలని నాకూ ఉంది. పిల్లలకి జ్వరాలొస్తే అవీ నా ఈఎల్‌లోంచే పోతాయి. ఏడాది చివర నా ఖాతాలో రెండు మిగిలితే గొప్ప.

ఒంటికాయ
మీ మీద కోపం కాదండీ. మనిద్దర్నీ కొట్టుకోమని వదిలేసిన పద్ధతి మీద.

రైన్_ఒడ్డున
ఒంటికాయ గారికి, ఇక్కడా అదే ఏడుపుంది. అయితే పిల్లలున్నవాళ్లు ప్రతిసారీ గెలవరు. నిరుడు ఎవరికి దొరికిందన్నదీ చూస్తారు. మా టీములో గోడమీద కాగితం ఉంటుంది, మూడేళ్ల లెక్క కనిపిస్తుంది. సిగ్గుపడి వాళ్లే వదులుకుంటారు.

రెండోషిఫ్ట్
మా దగ్గర "ముందొచ్చినవాడికి ముందు" పద్ధతి. ఒకడు జనవరి ఒకటి రాత్రి పన్నెండు దాటిన రెండో నిమిషంలో ఏడాది మొత్తం లాంగ్ వీకెండ్లన్నీ పెట్టేశాడు. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్దామని ఫోన్ చేస్తే బిజీ వచ్చింది.

సోమవారంవద్దు
వాడికి నా హేండిల్ ఇచ్చేస్తాను.

గంటకొట్టు
లాంగ్ వీకెండ్ అంటే గుర్తొచ్చింది, శాండ్‌విచ్ లీవు గురించి ఎవరూ ఎత్తలేదే? శుక్రవారం ఒకటి, సోమవారం ఒకటి పెడితే మధ్య శని ఆదివారాలు కూడా కలిపి నాలుగు లీవులుగా కోస్తారు. వారాంతం నాకు కంపెనీ ఇచ్చిన దానం కాదు కదా.

కాయితం_కావాలె
పాత ఫ్యాక్టరీల చట్టంల ఆ ఆట నడ్వకపోయేది. 79ల వివరణే ఉండె, లీవు నడుమ వచ్చినా, కొసకు వచ్చినా సెలవు దినాలు లీవు కింద లెక్క పెట్టద్దని. శాండ్‌విచ్ తెచ్చింది కంపెనీల పాలసీ పుస్తకాలు.

పాత_బీరువా
మాకు సీఎల్ (క్యాజువల్ లీవు) మధ్యలో ఆదివారం వస్తే లెక్కలోకి రాదు. ఈఎల్ మధ్యలో వస్తే వస్తుంది. అందుకే లీవుకు ముందూ వెనకా వచ్చే సెలవు రోజులను లెక్కలోకి రాకుండా ప్రిఫిక్స్, సఫిక్స్ అని రాయించుకునేవాళ్లం. ఆ రెండు ముక్కలు రాయడం మర్చిపోయి ఈఎల్‌లు పోగొట్టుకున్న వాళ్లు నాకు తెలిసే పదిమంది.

చల్లగాలి
ఇంత తలనొప్పి ఎందుకు? ఆ రోజు జ్వరం అని సిక్ లీవు కొట్టేయండి. డాక్టరు కాగితం దొరుకుతుంది.

గంటకొట్టు
చెల్లి పెళ్లి ఫొటోలు ఎవడో ఒకడు ఆన్‌లైన్లో పెడతాడు. అందులో జ్వరంతో పట్టుచీర కట్టుకుని నవ్వుతూ ఈవిడ.

ఆరుగురికి_బాసు
చల్లగాలి గారూ, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. లీవు క్యాన్సిల్ చేస్తే తప్పు కంపెనీది. దొంగ కాగితం పెడితే తప్పు ఆవిడది అయిపోతుంది, ఉద్యోగంలోంచి తీసేయడానికి అదొక్కటే చాలు. గెలిచే కేసుని చేజేతులా వాళ్లకి అప్పజెప్పడమే.

వానలో_గొడుగు
దానికి తలకిందుల కేసు యూరప్‌లో ఉంది. లీవులో ఉండగా నిజంగానే జబ్బు పడితే, ఆ రోజులు తర్వాత లీవుగా తీసుకోవచ్చని 2012లో యూరోపియన్ యూనియన్ కోర్టు చెప్పింది. విశ్రాంతి వేరు, జబ్బు వేరు అన్నది వాళ్ల వాదన. అలాగే లీవు వాడుకోలేదని ఏడాది చివర ఊరికే మురిగిపోనివ్వకూడదు, వాడుకోమని యజమాని స్పష్టంగా చెప్పానని చూపించుకోవాలి అని 2018 నవంబరులో ఇంకో తీర్పు.

రెండోషిఫ్ట్
మాకూ చెప్తారు. డిసెంబరు ఇరవై తొమ్మిదిన మెయిలు వస్తుంది, "మీ లీవులు వాడుకోగలరు" అని.

సోమవారంవద్దు
జపాన్ వాళ్లు ఇంకో అడుగేశారు. లీవు ఇచ్చినా జనం తీసుకోరట. అందుకని 2019 ఏప్రిల్ నుంచి, పది రోజులు ఆపైన లీవు వచ్చే ఉద్యోగి చేత కనీసం ఐదు రోజులు వాడించాల్సిన బాధ్యత యజమానిదేనని చట్టం మార్చారు. అమెరికాలో సమాఖ్య చట్టం ప్రైవేటు ఉద్యోగులకు జీతంతో లీవు ఒక్క రోజైనా ఇవ్వమనదు.

సగంలీవు
హిస్టరీ చూశాను. కాయితం గారూ, మీకు దండం. అందులో ఏముందో ఉన్నదున్నట్టు రాస్తున్నా: "ఉద్యోగి ఉపసంహరించుకున్నారు."

నేను ఉపసంహరించుకోలేదు! నేను ఆ పేజీ తెరవను కూడా లేదు.

కాయితం_కావాలె
చూసిండ్రా. గిదే నేను ఇందాక చెప్పింది. వాళ్లు వద్దన్న లీవు వేరు, నువ్వు వద్దనుకున్న లీవు వేరు. రేప్పొద్దున నువ్వు టికెట్ల పైసలు అడిగితే "నువ్వే కదమ్మా వెనక్కి తీసుకున్నది" అంటరు. ఇప్పుడే మెయిలు పెట్టు, ఫోన్లు వద్దు. మూడు వాక్యాలు చాలు. ఫలానా తారీకున శాంక్షన్ అయింది, నేను ఉపసంహరించుకోలేదు, రద్దు చేసింది ఎవరు ఏ కారణంతో రాతపూర్వకంగా తెలపండి. కోపం రాయకు, చట్టం పేరు రాయకు.

ఆరుగురికి_బాసు
మా పోర్టల్‌లో శాంక్షన్ అయ్యాక మేనేజరుకు రద్దు బటన్ ఉండదు. హెచ్ఆర్‌తో చెప్తే వాళ్లు వెనకనుంచి ఉపసంహరణ కొడతారు, అప్పుడు ఇలాగే పడుతుంది. కుట్ర కాకపోవచ్చు, బటన్ లేకపోవడమే కావచ్చు. మెయిలు మాత్రం తప్పకుండా పెట్టండి. టికెట్ రసీదులు కూడా జతచేయండి. హెచ్ఆర్‌కి పంపి, మేనేజరుకు కాపీ పెట్టండి. అటుదిటు చేయొద్దు.

గంటకొట్టు
బటన్ లేకపోతే చేయకూడదని అర్థం బాసు గారూ.

ఆరుగురికి_బాసు
... సరే, దానికి నా దగ్గర జవాబు లేదు.

పాత_బీరువా
మా రోజుల్లో ఫైలు మీద నోటు మార్చాలంటే కొట్టివేసి పక్కన సంతకం పెట్టాలి. కొట్టేసింది కనపడేది. దాని విలువ ఇప్పుడు తెలుస్తోంది.

సగంలీవు
నాలుగు రోజులైంది, అప్‌డేట్. మెయిలు పెట్టిన రోజు ఎవరూ మాట్లాడలేదు. రెండో రోజు హెచ్ఆర్ ఆవిడ ఫోన్ చేసి "మనం కూర్చుని మాట్లాడుకుందాం" అంది. మెయిల్లో జవాబిస్తే వస్తానన్నాను, చేతులు వణుకుతూనే. నిన్న జవాబు వచ్చింది. ఉపసంహరణ "సాంకేతిక కారణాల వల్ల" అలా నమోదైందట. పది రోజులకు ఆరు రోజులు ఇస్తారట, పెళ్లికి ముందు రెండు, తర్వాత నాలుగు. తిరుగు టికెట్ కొత్తది కొనడానికైన తేడా వాళ్లే ఇస్తారు. మిగతా నాలుగు రోజులు యాజమాన్యం రద్దు చేసిన లీవుగా రాసి ఖాతాలో ఉంచుతారు.

మేనేజర్ సార్ నాతో మాట్లాడటం లేదు.

వానలో_గొడుగు
ఆరు రోజులకు ఒప్పుకున్నారా? నేనైతే పది అడిగేదాన్ని.

సగంలీవు
ఒప్పుకున్నాను. ఉద్యోగం కావాలి, చెల్లి పెళ్లీ కావాలి. ఆ నాలుగు రోజులు ఎవరు రద్దు చేశారో రాయించాను కదా, ప్రస్తుతానికి అది చాలు అనిపించింది.

గంటకొట్టు
మంచి పని చేశారు. అప్రైజల్ నెలలో మళ్లీ ఇక్కడికి రండి, అప్పుడు అసలు కథ.

ఒంటికాయ
ఇంతకీ మీ రిలీజు వారం మీ బదులు ఎవరు చేస్తున్నారు?

సగంలీవు
మా టీములో ఒకతను. పెళ్లికాలేదు.

ఒంటికాయ
నాకు తెలుసు.